పాల్మాలో మెట్లున్నాయి

మే 4, ఆదివారం

ఈ రోజు స్పెయిన్ నుంచి తిరిగొచ్చాను. అంటే ఇదే ఊళ్ళోని సెరంగూన్ నుంచి.

మూడు రాత్రులు ఫ్రెండు ముఖ్తార్ గదిలో నేల మీద పడుకుని, ట్రాలీ సూట్‌కేసు లాక్కుంటూ, బిషాన్‌లో ట్రైన్ మారి యీషున్‌లో నా గది ఉన్న బ్లాక్ చేరాను. లిఫ్టులో అద్దం చూసుకుని ముఖానికి కాస్త అలసట పట్టించాను. పద్నాలుగు గంటల విమానం వేరు, ముఖ్తార్ గురక వేరు. ముఖం మీద మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంటి ఓనరు హైమావతి ఆంటీ తలుపు తీశారు. "వచ్చావా బాబూ! ఎలా ఉంది మీ పాల్మా?"

"ఎండలు మొదలయ్యాయి ఆంటీ." ట్రైన్‌లో ఫోన్‌లో చూశాను. ఇరవై మూడు డిగ్రీలు.

ఆలివ్ కాయల సీసా చేతిలో పెట్టాను. సెరంగూన్ మాల్లో కొన్నది. దాని మీది స్టిక్కర్ గోటితో గీకడానికి బిషాన్ నుంచి యీషున్ దాకా పట్టింది. ఆ జిగురు ఇంకా గోట్లోనే ఉంది.

ఈ నోటుబుక్కు అందుకే కొన్నాను. ఏ అబద్ధం ఎప్పుడు చెప్పానో రాసిపెట్టుకోకపోతే కలిసిపోతున్నాయి. మొదటిది, నేను శాకాహారిని. (బ్లాక్ దాటి, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్ మెట్టెక్కేదాకా నిజమే.) రెండోది, ఇంట్లో తక్కువ ఉంటాను. మూడోది, ఉద్యోగం మీద ఆరు వారాలకోసారి స్పెయిన్‌లోని పాల్మా వెళ్తుంటాను. తప్పు ఆంటీది కాదు. ఆవిడ ప్రకటనలోనే ఉంది: "శాకాహారులకు మాత్రమే. వంట లేదు. తరచూ ఊళ్ళు తిరిగేవారికి ప్రాధాన్యం." ఈ ఊళ్ళో గది అద్దెకిచ్చే ప్రతివాడికీ కావలసింది ఇంట్లో ఉండని అద్దెవాడే. పదకొండు గదుల వాళ్ళు నన్ను కాదన్నారు. పన్నెండో తలుపు దగ్గర నోట్లోంచి పాల్మా ఊడిపడింది.


మే 7, బుధవారం

వన్-నార్త్, ఆఫీసు. మా ఆఫీసు అంటే ముగ్గురం, ఒక గాజు గది, ఒక కాఫీ మెషీన్. మేం చేసేది నడక గైడ్లు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఊళ్ళో నడిచేవాడికి "ఇప్పుడు ఎడమకు తిరగండి, ఆ గోపురం చూడండి" అని చెప్పే గొంతు మాది. గొంతు అద్దెది. మాటలు నావి.

ఎనిమిది నెలలుగా నా చేతిలో ఉన్నది పాల్మా. అంటే గది కోసం చెప్పిన అబద్ధం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. గది అడగడానికి ముందువారమే మా బాస్ చక్రధర్ నాకు ఆ పని అంటగట్టాడు. మనిషి కంగారులో ఉంటే చేతికి దగ్గరగా ఉన్నదే పట్టుకుంటాడు.

చక్రధర్ పోయినేడు కుటుంబంతో వెళ్ళొచ్చాడు. ఫోటోలు నాలుగు వందల పన్నెండు ఇచ్చాడు. ఊరు కనిపించేవి తొమ్మిది. మిగతావాటిలో చక్రధర్ ఉన్నాడు.

"లోహిత్, తీరికగా ఉండాలమ్మా ఈ నడక. చదువుతుంటే లీజర్ ఫీల్ రావాలి. నీ రాతలో ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టుంటుంది."

తరుముతున్నట్టుంటుందట! షిప్‌యార్డులో కేబుళ్ళు లాగే పాత ఉద్యోగంలో లారీ దిగి గేటు దాకా పరుగు, గేటు నుంచి ఓడ దాకా పరుగు. కూలీల డార్మిటరీలో స్నానానికి పరుగు. ఇంగ్లీషు నేర్చుకున్నది కూడా పరుగులోనే, బాత్‌రూమ్ క్యూలో నిలబడి, పర్యాటకులు పారేసిన బ్రోచర్లు చదువుతూ. నాకు తీరిక అన్న మాట స్పెల్లింగ్ వచ్చుగానీ రుచి తెలీదు. తెలీని దాని గురించి రాయడమే నా ఉద్యోగం, కాబట్టి కోపం దేనికి? అయినా వచ్చింది. కాఫీ మెషీన్ని గట్టిగా నొక్కాను. పాలు రాలేదు.


మే 10, శనివారం

వెళ్ళని ఊరిని కొలవడానికి నాదొక పద్ధతి ఉంది. ఎవరికీ చెప్పలేదు.

మ్యాపులో పాల్మా పెద్ద చర్చి నుంచి నడిబొడ్డు చౌకు దాకా ఎన్ని మీటర్లో చూస్తాను. అన్ని మీటర్లూ యీషున్‌లో నడుస్తాను. మల్టీస్టోరీ కార్ పార్కు పెద్ద చర్చి. మా బ్లాక్‌ని ఎమ్మార్టీ రైలు స్టేషన్‌తో కలిపే రేకుల నడకదారి, అక్కడ చెట్ల నీడ పడే ఖరీదైన వీధి. హాకర్ సెంటర్ చౌకు. యీషున్ పాండ్ మధ్యధరా సముద్రం. చేతిలో స్టాప్‌వాచ్. మొత్తం దారి నలభై నిమిషాలు. రెండుసార్లు నడిచి చూశాను. మోసం అనరాదు. ఇంత కష్టపడి మోసం చేసేవాడు ఎవడూ ఉండడు.

కార్ పార్కు ముందు నిలబడి "ఆహా, ఎంత గంభీరమైన కట్టడం" అని మెల్లగా అని చూశాను, ఆ వాక్యం నోటికి ఎలా ఉంటుందోనని. కారు కడుగుతున్న చైనీస్ అంకుల్ తలెత్తి కార్ పార్కుని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.


మే 11, ఆదివారం

కుడి మడమ మీద బొబ్బ. పాల్మాలో వచ్చింది.


మే 14, బుధవారం

కొంప మునిగింది.

ఆంటీ, సుధాకరరావు అంకుల్ ఓడలో యూరప్ తిరగబోతున్నారు. నలభై ఏళ్ళ పెళ్ళిరోజుకి కూతురు ఉజ్వల టికెట్లు తీసింది. పదిహేను రోజులు, ఏడు రేవులు. ఐదో రేవు పాల్మా.

"ఎన్ని ఊళ్ళున్నా నాకు ధైర్యం ఆ ఒక్క ఊరి గురించే బాబూ," అన్నారు ఆంటీ. "మిగతావన్నీ ఎవరికి తెలుసు? అది మన లోహిత్ ఊరు కదా."

అంకుల్ పేపరు దించారు. బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, ఏదైనా కాగితం మీద ఉంటేనే నమ్ముతారు. "ఓ పేపర్ మీద దారి రాసివ్వవోయ్. టైమింగ్స్‌తో సహా."

"మెట్లున్నాయా?" అన్నారు ఆంటీ. "నా మోకాలు సంగతి తెలుసుగా."

మ్యాపులో మెట్లు కనపడవు. నేను కొలిచిన పాల్మాలో లిఫ్టులున్నాయి. యీషున్‌లో మెట్లంటే ఫైర్ డ్రిల్ రోజు గుర్తొచ్చేవి.

"లేవాంటీ. మెల్లగా ఎక్కే దారి."

"మరి తినడానికి? అక్కడ మనకేం దొరుకుతుంది, నీళ్ళు తప్ప?"

ఇక్కడ ఆగి ఉండాల్సింది. ఆగలేదు. చక్రధర్ ఫోటోల్లో ఒకటి గుర్తొచ్చింది. "ఒక రొట్టె ఉందాంటీ. ఎన్సైమాడా అంటారు. నత్తగుల్లలా చుట్టి, పైన పంచదార పొడి చల్లుతారు. నాలుగుసార్లు తిన్నాను."

"గుడ్డు?"

"అడిగానాంటీ. ప్యూర్ వెజ్."

ఫోటోలో మాంసం కనపడలేదు. ఇదీ నా పరిశోధన.


మే 15, గురువారం

దారి రాసిచ్చాను. రెండు పేజీలు. "సముద్రం ఒడ్డున బస్సు దిగండి. మెల్లగా చర్చి వైపు నడవండి. పన్నెండు నిమిషాలు. బేకరీ దగ్గర ఆగండి. ఎన్సైమాడా తినండి."

బాగా రాశాను. అదీ కోపం తెప్పిస్తున్నది. చక్రధర్‌కి రాసినదానికన్నా బాగా వచ్చింది. ఆంటీ చదువుతూ "ఎంత తీరికగా రాశావు బాబూ" అన్నారు.

ఆంటీ కాగితం మడిచి బీపీ మాత్రల డబ్బాలో పెట్టుకున్నారు.


మే 29, గురువారం

వెళ్ళారు. ఛాంగీ ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి సాగనంపాను. "మేం పాల్మాలో ఉన్న రోజు నువ్వూ ఆ చుట్టుపక్కలే ఉంటే ఎంత బాగుణ్ణు!" అన్నారు ఆంటీ. ఆ రోజుల్లో లిస్బన్‌లో ఉంటానని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలీదు. అలవాటు.

ఇల్లు చూడటానికి ఉజ్వల రోజు విడిచి రోజు వస్తుందట. కాబట్టి లిస్బన్ వెళ్ళక తప్పదు. ముఖ్తార్‌కి ఫోన్ చేశాను. "చాప ఇంకా చుట్టలే, రా," అన్నాడు.


జూన్ 10, మంగళవారం

ముఖ్తార్‌ది టోలీచౌకి. డార్మిటరీలో నా కింది మంచం వాడిది. ఇప్పుడు ఎయిర్‌కాన్ సర్వీసింగ్ చేస్తాడు. వాడికో అలవాటుంది. నోట్లో పెట్టుకునే ప్రతిదాని వెనకా ఏం కలిపారో చదువుతాడు. బిస్కెట్లు, చూయింగ్ గమ్, ఒకసారి టూత్‌పేస్టు. నేను నవ్వేవాణ్ణి.

సాయంత్రం గైడు మొత్తం చదివి వినిపించాను, తీరిక వచ్చిందో లేదో చెప్పమని. కళ్ళు మూసుకుని విన్నాడు. రొట్టె దగ్గర కళ్ళు తెరిచాడు.

"గీ రొట్టెల ఏమేస్తరు భాయ్?"

"మైదా, పంచదార, వెన్న అనుకుంటా."

"అనుకుంటవా? చూడలే?"

వాడే చూశాడు. ఒక్క నిమిషం పట్టింది. ఇన్నాళ్ళూ నాకు పట్టని ఒక్క నిమిషం. ఫోను నా ముక్కు ముందు పెట్టాడు. మైదా, పంచదార, గుడ్డు, పంది కొవ్వు. గుడ్డు చిన్న వార్త అయిపోయింది.

"దాని పేర్లనే పంది కొవ్వున్నది లోహిత్, 'సైం' అంటే గదే. నాకు సమజైంది, నీకు కాలే. రాసేటోడివి నువ్వు."

రేపు వాళ్ళు పాల్మాలో దిగుతారు. ఆంటీ ఉల్లిపాయ కోసిన కత్తితో పూజ రోజు అరటిపండు కోయరు. అలాంటి మనిషి చేతిలో నేను రాసిచ్చిన కాగితం, దాని మీద "తినండి" అని.

మెసేజ్ రాశాను. "ఆంటీ, ఆ బేకరీ మూసేశారట." చెరిపాను. వేరే బేకరీకి వెళ్తారు. "ఆంటీ, ఈ మధ్య కొత్తగా కొవ్వు కలపడం మొదలెట్టారట." ముఖ్తార్ భుజం మీంచి చదివాడు.

"కొత్తగానా? ఎన్ని వందల ఏండ్ల రొట్టెరా అది!"

"మరి ఏం రాయను?"

"సీదా రాయి. నేను పోలే, నేను తినలే, నేను అడగలే. మూడు మాటలు."

ఆ మూడు మాటలూ రాయలేదు. "ఆంటీ ఆ రొట్టె తినకండి, ఫోన్ చేస్తాను" అని మాత్రం పంపాను. ఒకటే టిక్కు. ఓడ సముద్రంలో ఉంది.


జూన్ 11, బుధవారం

రాయాలి. నిద్రపోయే ముందే రాయాలి.

వాళ్ళు బస్సు దిగేది అక్కడి తొమ్మిదికి. మనకి మధ్యాహ్నం మూడు. నా లెక్క ప్రకారం తొమ్మిదీ పన్నెండుకి బేకరీ. పదిహేనుకి నోట్లో. మూడింటి నుంచి ఆఫీసు వంటగదిలో నిలబడి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తరు. మూడూ పన్నెండు దాటింది. పదిహేను దాటింది. నా జీవితంలో మొదటిసారి నేను రాసిన టైమింగ్ తప్పు కావాలని కోరుకున్నాను.

నాలుగింటికి ఎత్తారు. వీడియో. ముందు తెర నిండా చెవి. తర్వాత ఎర్రబడిన ముఖం.

"ఏం బాబూ, లిస్బన్‌లోనా? చూడు, ఇదేంటో చూడు!"

ఫోను తిప్పారు. మెట్లు. రాతి మెట్లు, వెడల్పుగా, పైకి, ఇంకా పైకి. నేను గంటల తరబడి చూసిన మ్యాపులో అక్కడ ఒక బూడిదరంగు గీత ఉంది.

"మెల్లగా ఎక్కే దారన్నావు. ఇదా? పది ఎక్కుతున్నాను, కూర్చుంటున్నాను. పది ఎక్కుతున్నాను, కూర్చుంటున్నాను. గంట అయింది. ఆ దిగేవాళ్ళందరూ నన్ను దాటుకుంటూ ఏదో దణ్ణం పెట్టి పోతున్నారు!"

"రొట్టె తిన్నారా ఆంటీ?"

"రొట్టె దగ్గరికి ముందు నా మోకాలు రావాలిగా! మీ అంకుల్ వెళ్ళారు, తెస్తానని."

తినలేదు. నా ఒక తప్పు నా ఇంకో తప్పుకి అడ్డం పడింది. దీన్ని కూడా నా గొప్పే అనుకునేవాణ్ణి, ఇంకో క్షణం ఆగితే.

"తినకండాంటీ. అందులో పంది కొవ్వు వేస్తారు. గుడ్డు కూడా."

ఎక్కడో గంట కొట్టారు. అది మోగినంతసేపూ ఆంటీ నన్ను చూస్తూనే ఉన్నారు.

"అడిగానన్నావు."

"అడగలేదాంటీ."

"నాలుగుసార్లు తిన్నానన్నావు."

"తినలేదు."

"మరి ఇక్కడికొచ్చి ఏం తినేవాడివి?"

"నేను అక్కడికి రాలేదాంటీ."

"ఎప్పుడు?"

"ఎప్పుడూ."

"ఆ ఆలివ్ కాయలు?"

"సెరంగూన్."

"సూట్‌కేసు తీసుకుని వెళ్ళేవాడివి కదా, మూడేసి రోజులు?"

"అదీ సెరంగూనే. ఫ్రెండు గది."

"సెరంగూనా! మనింటికి అరగంట!" ఆంటీ గొంతు అప్పుడు లేచింది. అబద్ధానికి కాదు, దూరానికి. "స్పెయిన్‌లో నీ నోటికి ఏమీ దొరకదని మాగాయ సీసా కట్టిచ్చానే!"

"అది ముఖ్తార్ తిన్నాడాంటీ. ముందు వెనక్కి తిప్పి లేబుల్ వెతికాడు, లేదు. బాగుందన్నాడు."

ఇది ఎందుకు చెప్పానో దేవుడికి తెలియాలి. నిజం చెప్పడం మొదలెడితే ఎక్కడ ఆపాలో నాకు అలవాటు లేదు.

అప్పుడు అంకుల్ వచ్చారు. చేతిలో ఎనిమిది మూలల అట్టపెట్టె, దారంతో కట్టి, పెళ్ళివారి స్వీట్ డబ్బాలా పట్టుకుని. "హైమా, దొరికిందోయ్! ఏం క్యూ అనుకున్నావు!"

ఆంటీ విషయం చెప్పారు. అంకుల్ పెట్టెని చూశారు. ఫోన్లో నన్ను చూశారు. "అలాగా? పోనీలే, నేనింకా తినలేదుగా."

మీసం మీద తెల్లగా పంచదార పొడి.

నేను చూశాను. ఆంటీ చూశారు. ఆంటీ సంచిలోంచి చేతిరుమాలు తీసి, అంకుల్ మీసం తుడిచి, రుమాలు మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు. "పెట్టె ఎవరికైనా ఇచ్చేయండి," అన్నారు అంతే. నలభై ఏళ్ళకి అంత వెసులుబాటు ఉంటుంది కాబోలు. ఆ ఇంట్లో నావి ఎనిమిది నెలలు.

నా వైపు తిరిగారు. "ఇప్పుడు పైకెళ్ళాలా, కిందికా? ఏముంది నీ కాగితంలో?"

"తెలీదాంటీ."

"ఏమిటీ?"

"ఆ దారి యీషున్‌లో కొలిచి రాశాను. అక్కడినుంచి ఏముందో నాకు తెలీదు."

ఉద్యోగంలో చేరాక ఈ మాట అన్నది ఇదే మొదలు. నాలుక కాల్తుందనుకున్నాను. కాలలేదు.

"అయితే ఫోన్ పెట్టెయ్యకు," అన్నారు ఆంటీ. "నేను చెప్తాను, రాసుకో. నీలాంటివాణ్ణి నమ్మి ఇంకో మోకాలు ఇక్కడికి రాకూడదు. రాయి. మెట్లు. లెక్కపెడుతున్నాను. నలభై ఒకటి దగ్గర గోడ పక్కన నీడ ఉంది, కూర్చోవచ్చు. రాశావా?"

ప్రింటర్ కాగితాల మీద రాశాను. మంచినీళ్ళ కుళాయి ఎక్కడ. ఏ బెంచీ ఎండలో కాలుతుంది. పైకెక్కాక చర్చి గోడ తేనె రంగులో ఉందని. లోపల ఒక గుండ్రటి కిటికీ ఉందని, దాని రంగులన్నీ నేల మీద పడి అంకుల్ తెల్లచొక్కా ఎర్రగా, నీలంగా అయిందని. ఫోన్‌లో నాకు చొక్కా మాత్రమే కనిపించింది. సగం సిగ్నల్. చాలు.

మధ్యలో చక్రధర్ తొంగి చూశాడు. "ఎవరితోనమ్మా ఇంతసేపు?"

"ఫీల్డ్ వర్క్ సార్."


జూన్ 12, గురువారం

లిస్బన్ నుంచి వచ్చేశాను. ఉజ్వల హాల్లో ఉంది. "అమ్మ చెప్పింది. క్రేజీ లా నువ్వు," అంది ఈ ఊరి యాసలో, నవ్వుతూ. తిట్టినా బాగుండేది.


జూన్ 16, సోమవారం

వచ్చారు. ఆంటీ మాట్లాడలేదు.


జూన్ 17

మాట్లాడలేదు.


జూన్ 19, గురువారం

ఫ్రిజ్ మీది రూల్స్ కాగితంలో ఐదు రూల్స్ ఉండేవి. పొద్దున చూస్తే ఆరోది. ఆంటీ చేతిరాత. "వెళ్ళని ఊళ్ళకు వెళ్ళరాదు."

చాపకోసం ముఖ్తార్‌కి ఫోన్ చేశాను. ఈసారి ఎన్ని రోజులన్నాడు. తెలీదన్నాను. ఈ మాట ఇప్పుడు బాగా వస్తోంది.


జూన్ 22, ఆదివారం

సాయంత్రం ఆంటీ నా గది తలుపు కొట్టారు. కాలికి షూస్, మోకాలికి పట్టీ.

"పాల్మాని ఇక్కడే కొలిచానన్నావు కదా, ఫోన్లో. పద, చూపించు."

తీసుకెళ్ళాను. పాండ్ దగ్గర మొదలుపెట్టాం. సముద్రం అన్నాను. "దీనికి వాసన లేదు," అన్నారు. కార్ పార్కు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని తలెత్తి చూశారు, చాలాసేపు.

"ఇదా చర్చి?"

"ఇదే ఆంటీ."

"సిగ్గు లేదూ నీకు?"

"ఉందాంటీ."

లెవెల్ టూ దాకా మెట్లున్నాయి కార్ పార్కుకి. ఎనిమిది నెలలుగా పక్కనుంచే లిఫ్టులో వెళ్తున్నాను, చూడలేదు. ఆంటీ ఆ మొదటి మెట్టు మీద కూర్చున్నారు. పక్కన నేను. ఐదు నిమిషాలు. నాకు కాళ్ళు లాగాయి, లేవాలని. లేవలేదు.

"నన్ను ఖాళీ చెయ్యమంటారా ఆంటీ?"

"నెలాఖరుకి అనుకున్నాను." పట్టీ సర్దుకున్నారు. "మీ అంకుల్ వద్దంటున్నారు. ఆయనకి నీ మీద ఎందుకంత జాలో మరి."

మీసం గుర్తొచ్చింది. ఇద్దరం కార్ పార్కు వైపు చూశాం.

"ఇంకెప్పుడైనా ఎక్కడికైనా వెళ్ళానని చెప్తే, బోర్డింగ్ పాస్ చూపించాలి. ఫ్రెండుని భోజనానికి పిలువు. మాగాయ నచ్చిందన్నావుగా. లే, ఆ బేకరీ ఇక్కడ కాదు, ఇంకా పైన. నువ్వు తప్పు చోట పెట్టావు."

చెయ్యి ఇచ్చాను. పట్టుకుని లేచారు.

నలభై నిమిషాల దారి. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. దారంతా ఆవిడ చెప్తూనే ఉన్నారు, ఇక్కడ చెట్టు, ఇక్కడ వయొలిన్ వాయించేవాడు, ఇక్కడ ఒకావిడ నా చీర పట్టుకుని చూసింది అని. స్టాప్‌వాచ్ ఎప్పుడు ఆపేశానో గుర్తులేదు. టైము గోడగడియారం చూసి రాస్తున్నాను.

గైడు మార్చాను. మెట్లు అరవై ఎనిమిది అని రాశాను. రొట్టెలో ఏముందో రాశాను. బెంచీలు రాశాను. ఆఖర్న ఒక వాక్యం కలిపాను: "ఈ దారి రాసినవాడు నడవలేదు. మోకాళ్ళ నొప్పి ఉన్న ఒకావిడ నడిచింది, తీరికగా."

రేపు చక్రధర్ తీసెయ్యమంటాడు. తియ్యను.